మిర్చి దగ్గు, బీడీ దమ్ము

మార్చిలో వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో అడుగుపెడితే చాలు, గొంతు పట్టేస్తుంది. తేజ మిర్చి బస్తా విప్పిన చోట తుమ్ములూ దగ్గూ ఆగవు. మిరపలోని క్యాప్సైసిన్ నరాలను రెచ్చగొట్టడం వల్ల వచ్చే దగ్గు అది. గేటు దాటి కాసేపు నిలబడితే చాలావరకు సర్దుకుంటుంది. ఆ బస్తాల చాటున కూర్చుని హమాలీ తాగే బీడీ ఇంత గోల చేయదు. నన్నడిగితే భయపడాల్సింది దానికే.

పొగ లోపలికి పోతే ఊపిరితిత్తుల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు పోగవుతాయి. క్రిములను చంపడానికి వాటి దగ్గర ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. చంపడానికి క్రిములేమీ లేకున్నా అది బయటికి కారి, పక్కనున్న ఎలాస్టిన్ పోగులను కొరికేస్తుంది. గాలి గదులు సాగి మళ్లీ ముడుచుకునేది ఆ పోగుల వల్లే. పెద్దయ్యాక ఒంట్లో అవి మళ్లీ సరిగ్గా తయారు కావు. గోడలు తెగి చిన్న గదులన్నీ కలిసిపోతాయి, పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. ఎంఫిసీమా ఇదే. నాలుగు మెట్లెక్కితే దమ్ము వస్తుంది. (బీడీ ముట్టని అమ్మమ్మలకు కట్టెల పొయ్యి పొగతో వచ్చే జబ్బులో గాలి గదులకన్నా శ్వాసనాళాలే ఎక్కువ దెబ్బతింటాయి.)

మటన్ తొందరగా ఉడకాలని పచ్చి బొప్పాయి ముక్క వేస్తాం కదా, మాంసాన్ని మెత్తబరిచేది అందులోని పపైన్. 1960లలో అమెరికాలో పాల్ గ్రాస్ బృందం ఆ పపైన్‌నే ఎలుకల ఊపిరితిత్తుల్లోకి పంపితే ఎంఫిసీమా వచ్చింది. పొగ అక్కర్లేదు, ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్ ఉంటే చాలు.

మరి అందరికీ ఎందుకు రాదు? ఎలాస్టేజ్‌ను పట్టి ఆపే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రోటీన్‌ను కాలేయం రక్తంలోకి వదులుతూ ఉంటుంది. 1963లో స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ అది లోపించిన ఐదుగురి గురించి రాశారు. వారిలో ముగ్గురికి ఊపిరితిత్తుల జబ్బుంది. పుట్టుకతో ఈ లోపం అరుదే. కానీ ఆ ప్రోటీన్‌లో 358వ స్థానంలో మెథియోనైన్ అనే అమైనో ఆమ్లం ఉంది, ఎలాస్టేజ్‌ను పట్టుకోవడానికి అదే కీలకం. పొగలోని ఆక్సీకారకాలు సరిగ్గా దాన్నే పాడుచేస్తాయి. అంటే బీడీ కోసేవాణ్ణి పిలుస్తుంది, ఆపేవాడి చేతులూ కట్టేస్తుంది.

క్షయ తగ్గాక కొందరికి శ్వాసనాళాలు వెడల్పై బ్రాంకియెక్టాసిస్ మిగులుతుంది. అక్కడా ఎలాస్టేజ్‌దే పెద్ద పాత్ర. 2025 ఆగస్టులో అమెరికా ఆ జబ్బుకు బ్రెన్సోక్యాటిబ్ మాత్రను ఆమోదించింది. ఎముక మజ్జలో న్యూట్రోఫిల్ తయారయ్యేటప్పుడే ఎలాస్టేజ్ పదునెక్కకుండా అది అడ్డుకుంటుంది. తెగిపోయిన ఎలాస్టిన్‌ను అతికించే మందు మాత్రం ఇంకా రాలేదు.