పైపు జాయింట్లకు హీట్ ష్రింక్ స్లీవ్: అపోహలు - వాస్తవాలు

కృష్ణపట్నం, ముత్తుకూరు చుట్టుపక్కల భూమిలో వేసే స్టీలు పైపులకు ఫ్యాక్టరీలోనే మూడు పొరల కోటింగ్ వేసి పంపుతారు. వెల్డింగ్ కోసం రెండు చివర్లా ఇనుమును కోటింగ్ లేకుండా వదిలేస్తారు. వెల్డింగ్ అయ్యాక ఆ జాయింటు చుట్టూ వేసే పాలిథిన్ తొడుగే హీట్ ష్రింక్ స్లీవ్: వేడి తగిలితే ముడుచుకుని పైపును బిగించి పట్టుకుంటుంది, లోపలి జిగురు అతుక్కుంటుంది. పైపు 12 మీటర్లనుకుంటే కిలోమీటరుకు 80కి పైగా జాయింట్లు. లైను ఆయుష్షు వాటి మీదే ఉంటుంది.

అపోహ: స్లీవ్ మంచిదైతే కింద కాస్త తుప్పున్నా ఫర్వాలేదు.

వాస్తవం: స్లీవ్ లోపలి జిగురు తుప్పు పొరను పట్టుకుంటే ఆ పొరతోనే ఊడొస్తుంది. వైరు బ్రష్షుతో గీకితే చాలదు, గ్రిట్ బ్లాస్టింగ్ (గరుకు రేణువులను గాలి ఒత్తిడితో కొట్టి ఇనుమును శుభ్రం చేయడం) కావాలి. మన తీరంలో ఉప్పుతో ఇంకో చిక్కు. యార్డులో నెలల తరబడి సముద్రపు గాలికి పడున్న పైపు మీద ఉప్పు కంటికి కనబడదు, బ్లాస్టింగ్‌తో పూర్తిగా పోదు. అదే తర్వాత తేమను లాక్కుని కోటింగ్ కింద పొక్కులు లేపుతుంది. ముందు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. బ్లాస్టింగ్ అయ్యాక ఉప్పు పరీక్ష చేసి, వెంటనే ప్రైమర్ (స్లీవ్ కింద వేసే తొలి పూత) వేయాలి. భోజనం చేసొచ్చి వేద్దాంలే అనుకుంటే, బూడిదరంగులో ఉన్న ఇనుము మీద ఎర్రటి జీర కనబడుతుంది. ఇక బ్లాస్టింగ్ మళ్లీ మొదలు.

అపోహ: వాన లేకపోతే పని చేసుకోవచ్చు.

వాస్తవం: మాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాన తెరిపిచ్చిన పొద్దున కూడా చల్లటి పైపు మీద చెమ్మ పడుతుంది. గాలిలో తేమ 85 శాతం దాటినా, ఇనుము ఉష్ణోగ్రత మంచు బిందువు (గాలిలో తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ లేకపోయినా ఆగాల్సిందే. సూపర్‌వైజర్ టెన్షన్ పడినా సరే.

అపోహ: మంట ఎంత పెడితే అంత గట్టిగా అతుక్కుంటుంది.

వాస్తవం: ఒకేచోట పెడితే స్లీవ్ కాలిపోతుంది. టార్చ్ కదులుతూనే ఉండాలి. మధ్యలో మొదలుపెట్టి అంచులకు వస్తే గాలి బయటికి పోతుంది. అంచుల చుట్టూ జిగురు ఉబికి రావాలి. పైపు అడుగు భాగం త్వరగా వేడెక్కదు, అక్కడ చెయ్యి పెట్టి అంచనా వేయకుండా థర్మామీటరుతో చూడండి.

అపోహ: హాలిడే టెస్ట్ పాసైంది, ఇక పూడ్చేయొచ్చు.

వాస్తవం: ఆ టెస్ట్ చిల్లులనే పట్టిస్తుంది. అతుకు సంగతి చెప్పదు. దానికి పీల్ టెస్ట్ ఉంది: పైపు చల్లారాక అంగుళం వెడల్పు పట్టీ కోసి లాగాలి. జిగురు మధ్యలో చీలి ఇనుము మీద, పట్టీ మీద రెండు చోట్లా మిగిలితే మంచి పని. ఇనుము నున్నగా బయటపడితే ఆ రోజు వేసిన జాయింట్లన్నీ అనుమానించాలి.

అపోహ: కాథోడిక్ ప్రొటెక్షన్ ఉంది కదా, అది కాపాడుతుంది.

వాస్తవం: నాకు ఎక్కువ భయం పుట్టించే మాట ఇదే. కాథోడిక్ ప్రొటెక్షన్ అంటే మట్టిలోంచి పైపుకు కొద్దిగా కరెంటు పంపి తుప్పును ఆపడం. స్లీవ్‌కు చిల్లు పడితే ఆ కరెంటు ఇనుమును చేరుతుంది. చిల్లు లేకుండా అతుకు మాత్రమే వదిలేసి లోపలికి నీళ్లు చేరితే, పాలిథిన్ కరెంటును అడ్డుకుంటుంది. పైన మీటరు, రక్షణ సరిపోతోందనడానికి గుర్తుగా చూసే మైనస్ 850 మిల్లీవోల్టులు దాటి చక్కగా చూపిస్తూనే ఉంటుంది, కింద తుప్పు ఇనుమును తినేస్తూ ఉంటుంది.

ఒంగోలు వైపు నల్లరేగడిలో వేసే లైన్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. తడిసి ఉబ్బి, ఎండి బిగుసుకునే ఆ మట్టి స్లీవ్‌ను పట్టి లాగుతుంది. అక్కడ పైపు చుట్టూ మెత్తటి ఇసుక పోశాకే మట్టి కప్పించండి.