మీ ట్రక్కు డోర్ మీద ఏం రాసుంది? క్యాంపర్ బరువు, పికప్ పేలోడ్: అపోహలు - వాస్తవాలు

నేను కొలరాడోలో ట్రక్ క్యాంపర్లు బిగించే షాపులో పని చేస్తాను. క్యాంపర్ అంటే వెనక తగిలించి లాక్కెళ్లే ట్రైలర్ కాదు, పికప్ బెడ్ (వెనక సామాను వేసే తొట్టి) మీదే కూర్చోబెట్టే చిన్న ఇల్లు. మంచం, పొయ్యి, సింకు, పెద్దవాటిలో అయితే బాత్రూమ్ కూడా ఉంటుంది. ఈ మధ్య డాలస్, ఆస్టిన్ వైపు నుంచి మనవాళ్లు కూడా బాగానే వస్తున్నారు. అందరూ అడిగేది ఒకటే, "ఇది నా ట్రక్కు మోస్తుందా?" నేనేమీ చెప్పను, ముందు డ్రైవర్ డోర్ తీయమంటాను.

అపోహ: 12,000 పౌండ్లు లాగే ట్రక్కుకి 2,000 మోయడం ఓ లెక్కా?

లాగడం వేరు, మోయడం వేరు. ట్రైలర్ బరువులో ఎక్కువ భాగం దాని చక్రాలే మోస్తాయి, ట్రక్కు మీద పడేది హిచ్ దగ్గర, అంటే ట్రైలర్ తగిలించే కొక్కెం దగ్గర, 10-15 శాతం. క్యాంపర్‌కి చక్రాలెక్కడివి? మొత్తం మీ స్ప్రింగులు, వెనక యాక్సిల్, టైర్ల మీదే. కాబట్టి టోయింగ్ అంకె మర్చిపోయి, డోర్ తీయగానే పక్క పిల్లర్ మీద కనిపించే పసుపు-తెలుపు స్టిక్కర్ చదవండి. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదు అని పౌండ్లలోనూ కిలోల్లోనూ రాసుంటుంది. అదే మీ పేలోడ్. ట్యాంకు నిండా పెట్రోలో డీజిలో ఉన్నట్టు ముందే లెక్కేసి ఇచ్చిన అంకె అది, మిమ్మల్ని మాత్రం లెక్కెయ్యలేదు. మీరూ సామాను కిందకే వస్తారు! జీవీడబ్ల్యూఆర్, అంటే ట్రక్కు, మనుషులు, సామాను అన్నీ కలిపి ఉండాల్సిన గరిష్ఠ బరువు, 10,000 పౌండ్లు దాటిన ట్రక్కుల్లో కొన్నింటికి ఈ పేలోడ్ అంకె ఉండదు. అప్పుడు ఖాళీ ట్రక్కుని కాటా వేయించి ఆ బరువుని జీవీడబ్ల్యూఆర్ లోంచి తీసేయడమే.

అపోహ: నెట్‌లో నా మోడల్ పేలోడ్ 3,000 పైనే అని ఉంది

2021 ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ప్రచారంలో గరిష్ఠ పేలోడ్ 3,325 పౌండ్లు. అబద్ధం కాదు, కాకపోతే అది సరైన ఇంజిన్, సరైన ప్యాకేజీ తీసుకుని, పెద్దగా హంగులేమీ పెట్టించుకోని ట్రక్కుది. ఇంట్లోవాళ్లందరికీ పనికొస్తుందని కొన్న నాలుగు డోర్ల ఫోర్ బై ఫోర్ హాఫ్-టన్ (ఎఫ్-150 లాంటి తేలిక తరగతి పికప్; దాని పైన త్రీ-క్వార్టర్ టన్, ఆ పైన వన్-టన్) మీద నేను ఎక్కువగా చూసేది 1,400 నుంచి 1,800. సన్‌రూఫ్, పవర్ సీట్లు, పెద్ద రిమ్ములు, అన్నీ ఆ పేలోడ్‌లోంచే కోత.

డీజిల్ సంగతి ఇంకా విచిత్రం. డీజిల్ ఇంజిన్ కొన్ని వందల పౌండ్లు ఎక్కువ బరువుంటుంది, త్రీ-క్వార్టర్ టన్ ట్రక్కుల్లో చాలావాటి జీవీడబ్ల్యూఆర్‌ని కంపెనీలు 10,000 దగ్గరే ఆపేస్తాయి, దాంతో ఇంజిన్ ఎంత బరువు పెరిగితే పేలోడ్ అంత తగ్గుతుంది. వేలకు వేలు ఎక్కువ పోసి తక్కువ మోసే ట్రక్కు కొనడమన్నమాట. లాగడానికైతే డీజిల్ రాజే, కాదనను.

అపోహ: క్యాంపర్ 1,250 పౌండ్లే, నా పేలోడ్ 1,468, ఇంకా 218 మిగులు

ఈ లెక్కతో ఒకాయన నిజంగానే వచ్చాడు. పైకప్పు లేపి దించే పాప్-అప్ క్యాంపర్, బ్రోషర్‌లో రాసింది డ్రై వెయిట్, అంటే నీళ్లు, వంట గ్యాస్, బ్యాటరీ, ఆప్షన్లు ఏవీ లేని బరువు. కాగితం తీసుకుని ఇద్దరం కూర్చున్నాం. నీళ్లు గ్యాలన్‌కి 8.34 పౌండ్లు, ఆయన ట్యాంకు 20 గ్యాలన్లు, అంటే 167. నిండు ప్రొపేన్ సిలిండర్ 37. లెడ్ బ్యాటరీ 60. ఏసీ, ఫ్రిజ్, ఆనింగ్ (పక్కన నీడకి లాగే గుడ్డ పందిరి) కలిపి 250. ట్రక్కుకి బిగించే టై-డౌన్లు 60. క్యాంపరే 1,824 అయింది. ఆయన, భార్య, ఇద్దరు పిల్లలు 420. ఇక వంట సామాను, బట్టలు, కుర్చీలు 200 వేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు, "అంతుండదన్నా" అన్నాడు. వెనకే ఉన్న ఆవిడ క్యాంపర్ అలమర తలుపు తీసి చూపించింది: 20 పౌండ్ల సోనా మసూరి బస్తా, రెండు కుక్కర్లు, ఇడ్లీ పాత్ర, మిక్సీ. 200 ఖాయం చేశాం. మొత్తం 2,444. మిగులు సంగతి దేవుడెరుగు, 976 పౌండ్లు ఎక్కువ.

ఇలా బెడ్‌లోకి జరిపి పెట్టే స్లైడ్-ఇన్ క్యాంపర్ మీద దాని బరువు లేబుల్ ఉండాలని అమెరికా ఫెడరల్ నియమం. నీళ్లు, వంట గ్యాస్, ఫ్రిజ్ కలిపిన బరువు అందులో రాస్తారు. బ్రోషర్ పక్కన పడేసి అది చదవండి. ఆ తర్వాత తగిలించిన సోలార్ ప్యానెళ్లు మాత్రం దాన్లో ఉండవు.

అపోహ: ఎయిర్ బ్యాగులు వేస్తే సరిపోతుంది

ఇవి ప్రమాదంలో తెరుచుకునే బ్యాగులు కావు, వెనక స్ప్రింగులకి తోడుగా పెట్టి గాలి నింపేవి. అసలాయన వచ్చింది ఇందుకే. "వెనక కొంచెం కుంగుతోంది, ఊగుతోంది, రెండు బ్యాగులు వెయ్యన్నా" అని. వేస్తే కుంగిన ట్రక్కు లేస్తుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ యాక్సిల్, చక్రాలు, బ్రేకులు పాతవే. జీవీడబ్ల్యూఆర్ ఒక్క పౌండు కూడా పెరగదు. లిమిట్‌లో ఉన్న ట్రక్కుకి నేనే సంతోషంగా వేస్తాను. ఎక్కువ బరువుని కప్పిపుచ్చడానికైతే వెయ్యను. ఇక్కడి ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంటుంది, దాటి సిల్వర్‌థోర్న్ వైపు దిగేటప్పుడు బ్రేకులు పోయిన లారీల కోసం పక్కన ర్యాంపులు కట్టారు. ఆ దిగుడులో మీకు కావాల్సింది బ్రేకులు, బ్యాగులు కాదు.

అపోహ: బెడ్‌లో పట్టింది కదా, ఇంకేంటి

ఎడ్లబండి తోలినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. బరువు వెనక్కి పడితే కాడి పైకి లేచి ఎద్దుల మెడలు పట్టేస్తుంది. ఇక్కడా అంతే. క్యాంపర్ బరువు కేంద్రం వెనక యాక్సిల్‌కి కాస్త ముందుండాలి. పొడవాటి క్యాంపర్‌ని పొట్టి బెడ్ మీద పెడితే అది యాక్సిల్ వెనక్కి పోతుంది, ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగ్ చేతిలో దూదిలా తిరుగుతుంది. కేంద్రం ఎక్కడో క్యాంపర్ పక్కన గుర్తు ఉంటుంది, టేపు పెట్టి కొలవడానికి రెండు నిమిషాలు.

టైర్ల గురించి ఒక్క మాట. టైరు మీద లోడ్ ఇండెక్స్ (ఎంత మోస్తుందో చెప్పే సంఖ్య) 121 అంటే ఒక్కో టైరు దాదాపు 3,200 పౌండ్లు, అది కూడా పూర్తి గాలి ఉంటేనే. మెత్తగా వెళ్తుందని గాలి తగ్గించి క్యాంపర్ ఎక్కించేవాళ్లని చూస్తే నాకు టెన్షన్.

ఇంకొందరు రెండు యాక్సిళ్ల రేటింగులూ కూడి "జీవీడబ్ల్యూఆర్ కంటే ఎక్కువే వస్తోంది, అంతవరకూ మోయొచ్చు" అంటారు. ఆ కూడిక ఎక్కువ రావడం మామూలే, బరువు ఓసారి ముందుకి, ఓసారి వెనక్కి పడుతుంది కాబట్టి. దాన్ని అనుమతి అనుకోకండి.

అపోహ: డాలస్ నుంచి ఇక్కడిదాకా వచ్చాను, ఏమీ కాలేదు

ఆయనా ఇదే అన్నాడు. సరే, వాదన ఎందుకని హైవే పక్క ట్రక్ స్టాప్‌లో ఉన్న క్యాట్ స్కేల్‌కి పంపాను. మన ఊరి ధర్మకాంటా లాంటిదే: ముందు చక్రాలు ఒక పలక మీద, వెనకవి రెండో పలక మీద ఉండేలా ఆపి బటన్ నొక్కి చెప్తే తూస్తారు, చీటీ లోపల కౌంటర్ దగ్గర తీసుకోవాలి. 24 గంటల్లో మళ్లీ తూస్తే తక్కువ డబ్బులే. కుటుంబం, నీళ్లు, సామాను అన్నీ లోపల ఉన్నప్పుడే తూయించాలి.

గంటలో చీటీ పట్టుకొచ్చాడు. ముందు 3,420, వెనక 4,620, మొత్తం 8,040. ఆయన జీవీడబ్ల్యూఆర్ 7,050, వెనక యాక్సిల్ రేటింగ్ 4,150. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆవిడే అడిగింది, "అంటే వేసవిలో అత్తయ్యగారు, మామయ్యగారు వస్తే...?"

క్యాంపర్ మా షాపులోనే వదిలేసి వెళ్లారు. మూడు వారాల తర్వాత ఒక శనివారం పొద్దున వాట్సాప్‌లో వరసగా నాలుగు ఫొటోలు, నాలుగూ డోర్ స్టిక్కర్లే. మొదటిది తళతళలాడే డీజిల్, 2,087. చివరిది మామూలు పెట్రోల్ ఇంజిన్ వన్-టన్, పొడవాటి బెడ్, గుడ్డ సీట్లు, 3,912. దాని కింద ఒక్క ముక్క రాశాడు: "ఇదేగా అన్నా?"