సరళీ వరసలు చెవికి ఏం నేర్పుతాయి?

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో బరంపురంలోనో తెలుగింట పుట్టిన పిల్ల ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, బళ్లో ఒడియాలో పాఠాలు వింటుంది. ఇంగ్లీషు, హిందీ ఎలాగూ తప్పవు. ఇన్నింటి మధ్య సంగీతం కూడానా అని పెద్దవాళ్లకు అనిపిస్తుంది. తొమ్మిదో తరగతి రాగానే ట్యూషన్ల టెన్షన్ మొదలవుతుంది, అన్నిటికన్నా ముందు ఆగిపోయేది పాటే. నన్నడిగితే సంగీతం బాగా పనికొచ్చేది ఇలాంటి పిల్లలకే.

ఒడియాలో ‘భాతొ’ అంటే అన్నం, ‘బాతొ’ అంటే వాతం. ‘ధానొ’ వడ్లు, ‘దానొ’ దానం. మన వాడుకలో ఒత్తులు చాలావరకు తేలిపోతాయి, ‘ధనం’ అని రాసి ‘దనం’ అనేస్తాం. ఒడియాలో అలా కుదరదు, మాటే మారిపోతుంది. ఈ తేడా అంతా సెకనులో పదో వంతు కూడా పట్టని ఊపిరి విసురులో ఉంటుంది. దాన్ని పట్టుకోవాల్సింది చెవి, చెవి వెనక మెదడు.

శబ్దం లోపలి చెవిలో విద్యుత్ సంకేతంగా మారి, నరం గుండా మెదడు కాండానికి, అంటే మెదడు అడుగు భాగానికి చేరుతుంది. తల మీద చిన్న ఎలక్ట్రోడ్లు అంటించి ఆ సంకేతాన్ని రికార్డు చేయవచ్చు. విన్న శబ్దాన్ని అది ఎంత పోలి ఉంటుందంటే, స్పీకర్లో పెట్టి వినిపిస్తే అసలు మాటేమిటో గుర్తుపట్టవచ్చు! అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ శాస్త్రవేత్త నీనా క్రాస్ బృందం ఈ పద్ధతితోనే లాస్ ఏంజెలిస్ పేదవాడల పిల్లలను పరీక్షించి, 2014లో ఫలితాలు ప్రచురించింది. ఉచిత సంగీత తరగతుల్లో రెండేళ్లు గడిపిన పిల్లల మెదళ్లు ‘బ’, ‘గ’ లాంటి దగ్గరి ధ్వనులను మునుపటికన్నా స్పష్టంగా విడదీశాయి. ధ్వనులు విడివిడిగా వినబడితేనే చదవడం తేలికవుతుంది కాబట్టి, ఇది చిన్న సంగతేం కాదు.

మన సంగీత పాఠంలో ఈ సాధన మొదటి రోజు నుంచే ఉంది. శ్రుతిపెట్టె మోగుతుండగా పిల్ల ‘స’ అందుకుంటుంది. ‘ప’ కంపనాలు ‘స’కి ఒకటిన్నర రెట్లు, పై ‘స’వి సరిగ్గా రెట్టింపు. గొంతు కాస్త దిగినా శ్రుతితో కలవదు, ఆ ఎబ్బెట్టు కొన్నాళ్లకు పిల్లకే తెలిసిపోతుంది. ఆపైన మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు, అంటే స్వరాలను వరసగా పాడే తొలి పాఠాలు, ఆది తాళంలో. ఒక దెబ్బ, మూడు వేళ్లు, తర్వాత రెండుసార్లు దెబ్బా విసురూ, మొత్తం ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది తాళపు లెక్కలు. కాలం అంటే పాడే వేగం: మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. గొంతు పరుగెడుతుంటే చెయ్యి మాత్రం పాత నడకలోనే ఉండాలి. కొత్త పిల్లల చేతులు గొంతుతో పాటే ఉరుకుతాయి. “చెయ్యి తొందరపడకూడదమ్మా” అని మాస్టారు మళ్లీ మొదటి కాలానికి తీసుకొస్తారు. ఒకటి పెంచుతూ ఇంకొకటి అదుపులో పెట్టుకోవడం ఏకాగ్రతకు గట్టి సాధన.

ఒడియా బడిలో చదివే మన పిల్లల్లో తెలుగు రాయడం రానివాళ్లు ఉన్నారు. వాళ్లు కీర్తన సాహిత్యాన్ని ఒడియా లిపిలో రాసుకుంటారు. ఆ లిపిలో ఎ-ఏ, ఒ-ఓ తేడా లేదు. మెడ, మేడ రెండూ ఒకేలా కనబడతాయి. కాగితం మీద పోయిన దీర్ఘాన్ని పాట వెనక్కి తెస్తుంది, ఏ అక్షరం ఎంతసేపు నిలవాలో తాళంలో కుదిరి ఉంటుంది గనక. తెలుగు బడి అందని పిల్లకు భాష ఇలా గొంతులోనైనా నిలిస్తే నాకు చాలా సంతోషం.

సంగీతం నేర్పితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయన్న ప్రచారాన్ని మాత్రం నమ్మకండి. 1993లో పాశ్చాత్య స్వరకర్త మొజార్ట్ సంగీతం విన్న కాలేజీ విద్యార్థుల్లో, ఆకారాలను మనసులో ఊహించే పరీక్షలో కనబడిన లాభం పది పదిహేను నిమిషాలదే. కెనడాలో గ్లెన్ షెలెన్‌బర్గ్ 2004లో ఆరేళ్ల పిల్లలు 144 మందిపై చేసిన అధ్యయనంలో, ఏడాదిపాటు సంగీతం నేర్చినవాళ్ల ఐక్యూ మిగతావాళ్లకన్నా సుమారు మూడు పాయింట్లే ఎక్కువ పెరిగింది. 2020లో 54 పరిశోధనలను, దాదాపు 7,000 మంది పిల్లల ఫలితాలను కలిపి చూస్తే, పకడ్బందీగా చేసిన వాటిలో ఆ లాభం ఇంచుమించు సున్నా. మార్కుల ఆశతో చేర్పిస్తే, మార్కులు రానినాడు మాన్పించేస్తాం.

కలిసి పాడడం సంగతి వేరు. కలిసి ఆడిపాడిన నాలుగేళ్ల పిల్లలు ఆ తర్వాత ఒకరికొకరు ఎక్కువగా సాయపడ్డారని జర్మనీలో 2010లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. తెలుగు, ఒడియా పిల్లలు పక్కపక్కన కూర్చునే మన బళ్లలో వారానికి రెండు పీరియడ్ల బృందగానం ఉండాలని అడగడం గొంతెమ్మ కోరికేం కాదు. గొంతుకు ఖర్చు లేదు, శ్రుతి ఫోన్లో కూడా దొరుకుతుంది. పెద్ద చదువు కావాలంటే, 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా మొదలైన విజయనగరం సంగీత కళాశాల సరిహద్దుకు అవతల, ఆంధ్రలోనే ఉంది.

చేర్పించాక రెండేళ్లయినా ఆగండి. లాస్ ఏంజెలిస్ పిల్లల్లో కూడా మొదటి ఏడాది తర్వాత కొలిస్తే చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు.