బట్లర్, మయామీ హీట్: రెండేళ్ల సంతకం దగ్గర తెగిన బంధం

2025 జనవరి 2న అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మయామీ హీట్ జట్టు ఇండియానా చేతిలో ఓడిపోయాక, ఆటలో తన సంతోషం తనకు తిరిగి కావాలని ఆ జట్టు స్టార్ జిమ్మీ బట్లర్ విలేకర్లతో అన్నాడు. అది మయామీలో దొరుకుతుందా అని అడిగితే, బహుశా దొరకదన్నాడు. మర్నాడే మయామీ హీట్ అతన్ని ఏడు మ్యాచ్‌లకు సస్పెండ్ చేసి, ట్రేడ్ ప్రతిపాదనలు (అతన్ని వేరే జట్టుకిచ్చి బదులు ఆటగాళ్లను తీసుకోవడం) వింటామని ప్రకటించింది. బట్లర్‌ను ట్రేడ్ చేసేది లేదని జట్టు అధ్యక్షుడు ప్యాట్ రైలీ ప్రకటన ఇచ్చి అప్పటికి పది రోజులు కూడా కాలేదు.

చాలామంది దీన్ని స్టార్ ఆటగాడి అలకగా చూశారు. కానీ అంతకుముందు వేసవిలో బట్లర్ కోరుకున్నది మయామీలోనే కొనసాగడం. 2024-25కి అతని జీతం 4.88 కోట్ల డాలర్లు. ఆ తర్వాతి సీజన్‌కు 5.24 కోట్ల డాలర్ల ప్లేయర్ ఆప్షన్ ఉంది, అంటే ఉండాలా వద్దా అనేది అతని ఇష్టం. దాని బదులు రెండేళ్లకు 11.3 కోట్ల డాలర్ల దాకా వచ్చే పొడిగింపు కావాలనుకున్నాడు. రైలీ ఒప్పుకోలేదు. అన్ని మ్యాచ్‌లకూ అందుబాటులో ఉండని ఆటగాడికి అంత డబ్బు కట్టబెట్టడం పెద్ద నిర్ణయమని 2024 మేలో విలేకర్ల ముందే చెప్పాడు.

లెక్కలు రైలీ వైపే ఉన్నాయి. మయామీలో ఐదు సీజన్లలో బట్లర్ ఎప్పుడూ 64 మ్యాచ్‌లు దాటలేదు. వయసు 35కి చేరుతోంది. కానీ 2020లోనూ 2023లోనూ ఆ జట్టును ఫైనల్స్‌కు తీసుకెళ్లింది ఆ బట్లరే. 2023లో ఎనిమిదో సీడ్‌గా వచ్చి, మొదటి రౌండ్‌లో టాప్ సీడ్ మిల్వాకీపై ఒకే మ్యాచ్‌లో 56 పాయింట్లు కొట్టాడు. ఆ రాత్రులకు విలువ కట్టడం మ్యాచ్‌లు లెక్కపెట్టినంత తేలిక కాదు.

డబ్బు కన్నా మాట ఎక్కువ గాయం చేసిందని నా నమ్మకం. 2024లో ప్లేఆఫ్స్‌కు చివరి బెర్తులు తేల్చే ప్లే-ఇన్ మ్యాచ్‌లో మోకాలి దెబ్బ తగిలి బట్లర్ బోస్టన్‌తో సిరీస్ మొత్తం ఆడలేకపోయాడు. తానుంటే బోస్టన్ ఇంటిదారి పట్టేదని తర్వాత అన్నాడు. కోర్టులో లేనివాళ్లు నోరు మూసుకోవాలని రైలీ అందరి ముందూ బదులిచ్చాడు. పొడిగింపు వద్దనడం యాజమాన్యం హక్కు. నోరు మూసుకోమన్న మాట మాత్రం నాలుగు గోడల మధ్య చెప్పాల్సింది.

మయామీకి ఇది కొత్త కాదు. మూడు టైటిళ్లు తెచ్చిన డ్వేన్ వేడ్ 2016లో, 34 ఏళ్ల వయసులో, కోరుకున్న డబ్బు ఇక్కడ రాక షికాగో వెళ్లిపోయాడు. రైలీ సంగతే తీసుకుంటే, 1995లో ఒప్పందంలో ఇంకా ఏడాది మిగిలుండగా న్యూయార్క్ నిక్స్ కోచ్ పదవికి ఫ్యాక్స్‌లో రాజీనామా పంపి మయామీ వచ్చాడు. నష్టపరిహారంగా హీట్ 10 లక్షల డాలర్లు, ఒక ఫస్ట్ రౌండ్ పిక్ (కొత్త ఆటగాళ్ల ఎంపికలో మొదటి రౌండ్ అవకాశం) ఇచ్చుకుంది. బట్లర్ కూడా 2018లో మిన్నెసోటాతో పేచీ పెట్టుకుని బయటపడినవాడే.

ఒకప్పుడు ఎన్‌బీఏలో ఆటగాడికి ఇలా బేరమాడే చోటే లేదు. కాంట్రాక్ట్ ముగిసినా జట్టు చేతిలోనే ఉండేవాడు. 1970లో ఆస్కార్ రాబర్ట్‌సన్ పేరుతో ఆటగాళ్లు వేసిన దావా 1976లో రాజీతో ముగిశాక ఆ కట్టు సడలింది. 1988లో టామ్ చాంబర్స్ సియాటిల్ వదిలి ఫీనిక్స్‌కు స్వేచ్ఛగా వెళ్లాడు. అయినా ఒప్పందం మధ్యలో ఆటగాడికి ఉన్న ఆయుధం అసంతృప్తి చూపించడమే. జట్టుకున్న ఆయుధం సస్పెన్షన్: ఆ ఏడు మ్యాచ్‌లకు ఒక్కోదానికీ దాదాపు 3.36 లక్షల డాలర్ల కోత. ఆటగాళ్ల సంఘం దీనిపై ఫిర్యాదు చేసింది.

తిరిగొచ్చిన కొద్ది రోజులకే మిల్వాకీ వెళ్లే జట్టు విమానం ఎక్కనందుకు మరో రెండు మ్యాచ్‌ల సస్పెన్షన్. జనవరి 27న, ఇకపై మొదటి ఐదుగురిలో కాకుండా బెంచ్ మీంచి రావాలని చెబితే ప్రాక్టీస్ వదిలి వెళ్లిపోయాడు, ఈసారి నిరవధిక సస్పెన్షన్. ఇక్కడ బట్లర్‌ను సమర్థించలేను. రైలీ మీద కోపానికి మూల్యం చెల్లించింది తోటి ఆటగాళ్లు.

అతన్ని కోరుకున్న ఫీనిక్స్, లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2023లో కుదిరిన ఒప్పందంలోని సెకండ్ ఏప్రన్ పరిమితిలో (జీతాల మొత్తం మరీ పెరిగిన జట్లపై ఆంక్షలు) ఇరుక్కుంది. ఇద్దరి జీతాలు కలిపి ఒకరిని తెచ్చుకునే వీల్లేదు. అంత జీతమున్న తమ ఆటగాడు బ్రాడ్లీ బీల్‌ను పంపాలంటే, నో-ట్రేడ్ నిబంధన వల్ల అతని అనుమతి కావాలి. చివరికి ఫిబ్రవరి మొదటి వారంలో, గడువు ముగిసేలోపు గోల్డెన్ స్టేట్ వారియర్స్ ముందుకొచ్చింది. మయామీకి ఆండ్రూ విగ్గిన్స్‌తో పాటు మరికొందరు ఆటగాళ్లు, ఒక ఫస్ట్ రౌండ్ పిక్ దక్కాయి. బట్లర్ ఆప్షన్ వదులుకుని, 2026-27 దాకా రెండేళ్లకు సుమారు 11.1 కోట్ల డాలర్లకు అక్కడ సంతకం పెట్టాడు. మయామీని అడిగిన రెండు సీజన్లూ ఇవే.