లెక్కలు బాగా వచ్చినవాడే ఎక్కువ మొండికేస్తాడా?

"మా బావమరిది ఇంజనీరింగ్ చదివాడు, ఆఫీసులో రోజంతా అంకెలతోనే పని, కానీ పార్టీ మాట ఎత్తితే చాలు, ఎన్ని లెక్కలు చూపించినా చెవికెక్కవు, ఎందుకంటారు?" అని ఒక పాఠకుడు అడిగారు. చదువు చాలక అని మనం అనుకుంటాం గానీ, ఆ చదువే కారణం అయ్యే అవకాశం కూడా ఉంది.

ఈ విషయంలో నాకు భలే ఇష్టమైన ప్రయోగం ఒకటుంది. అమెరికాలో యేల్ లా స్కూల్ ప్రొఫెసర్ డాన్ కహాన్, ఆయన సహచరులు కలిసి 2013లో బయటపెట్టారు. 1,111 మంది అమెరికన్లకు లెక్కలు ఏపాటి వచ్చో చూసి, తర్వాత వాళ్లలో కొంతమందికి ఒక పట్టిక చేతికిచ్చారు. చర్మం మీద దద్దుర్లకు కొత్త క్రీము. రాసుకున్నవాళ్లలో 223 మందికి తగ్గింది, 75 మందికి ముదిరింది. రాసుకోనివాళ్లలో 107 మందికి తగ్గింది, 21 మందికి ముదిరింది. (అంకెలు కల్పించినవే.) ఇంతకీ క్రీము మేలు చేసిందా, కీడు చేసిందా?

చూడగానే 223 కళ్లలో పడుతుంది, మేలే అనేస్తాం. ఇప్పుడు కాగితం తీసుకోండి. రాసుకున్నవాళ్లు మొత్తం 298 మంది, అందులో 223 అంటే సుమారు 75 శాతం. రాసుకోనివాళ్లు 128 మంది, అందులో 107 అంటే సుమారు 84 శాతం. క్రీము జోలికి పోనివాళ్లే బాగుపడ్డారన్నమాట! సగానికి పైగా జనం ఇక్కడ బోల్తా పడ్డారు. మన బడుల్లో శాతాలంటే వడ్డీలు, లాభనష్టాలతో సరిపెట్టేస్తారు, ఇలాంటి నాలుగు గడుల పట్టిక పిల్లల చేత వేయించడం అరుదు. అందుకే మృగశిర కార్తెకి చేపమందు మింగి ఉబ్బసం తగ్గినవాళ్ల కథలు వింటాం తప్ప, మింగకుండానే తగ్గినవాళ్లెందరు అని అడగం. నాలుగు గడుల్లో ఒక్క గడి చూసి తీర్పు చెప్పేయడం, మూఢనమ్మకాల్లో సగం అదే.

సరే, క్రీము పట్టికలో లెక్కలు వచ్చినవాళ్లు ఏ పార్టీ వాళ్లయినా సరైన జవాబే ఎక్కువగా చెప్పారు. ఇంకొంతమందికి అవే అంకెలు ఇచ్చి పేర్లు మార్చారు: జనంలోకి తుపాకీ దాచుకుని రావడాన్ని నిషేధించిన ఊళ్లు, నిషేధించని ఊళ్లు, నేరాలు తగ్గాయా, పెరిగాయా. నిషేధించిన 298 ఊళ్లలో 223 చోట్ల నేరాలు తగ్గాయి అని ఉంటే, పైపైన చూసినప్పుడు నిషేధం గెలిచినట్టుంటుంది, భాగహారం చేస్తే ఓడిపోతుంది. నిషేధం కావాలనే డెమొక్రాట్లు 223 దగ్గరే ఆగిపోయారు, లెక్కలు వచ్చినవాళ్లు కూడా. నిషేధం వద్దనే రిపబ్లికన్లలో లెక్కలు వచ్చినవాళ్లు మాత్రం కూర్చుని భాగించారు. తగ్గాయి, పెరిగాయి అన్న శీర్షికలు అటుదిటు మార్చి ఇస్తే ఆగేవాళ్లు రిపబ్లికన్లు, భాగించేవాళ్లు డెమొక్రాట్లు!

లెక్కలు వచ్చినవాళ్లు ఆగిపోయింది లెక్క రాక కాదు, వేయాల్సిన అవసరం కనబడలేదంతే. కిరాణా కొట్లో బిల్లు మనం అనుకున్నదానికంటే ఎక్కువొస్తే ఉప్పు ప్యాకెట్ దగ్గర్నించి కూడి చూస్తాం, తక్కువొస్తే మడిచి జేబులో పెట్టుకుంటాం. కూడడం రానివాడు రెండు సందర్భాల్లోనూ ఒకేలా ఇంటికి వెళ్తాడు, కూడడం వచ్చినవాడు తనకి నష్టమైన బిల్లులోనే తప్పులు పట్టుకుంటాడు, అలా ఏళ్ల తరబడి చేస్తే తప్పులన్నీ ఎదుటివాడి వైపే ఉన్నట్టు నిజాయితీగానే నమ్ముతాడు. కహాన్ లెక్కలోనూ అదే కనిపించింది. పట్టిక తమకు అనుకూలమైనప్పుడు సరైన జవాబు చెప్పే అవకాశం, ప్రతికూలమైనప్పటి కంటే, లెక్కలు రానివాళ్లలో 25 శాతం పాయింట్లు ఎక్కువ, బాగా వచ్చినవాళ్లలో 45. అయితే ఇతరులు ఇదే ప్రయోగం మళ్లీ చేసినప్పుడు పార్టీ పక్షపాతం కనబడింది గానీ, లెక్కలు వచ్చేకొద్దీ అది పెరుగుతుందన్న భాగం అంత గట్టిగా నిలబడలేదు. కాబట్టి దాన్ని కొంచెం జాగ్రత్తగానే తీసుకోవాలి.

మరి దీనికి మందు? స్టాన్‌ఫర్డ్‌లో చార్లెస్ లార్డ్ బృందం 1979లో ఉరిశిక్ష కావాలనే విద్యార్థులకీ, వద్దనే విద్యార్థులకీ రెండు అధ్యయనాలు చదివించింది, ఒకటి అటు, ఒకటి ఇటు. రెండు వైపుల వాళ్లూ తమకు నచ్చిన అధ్యయనాన్ని మెచ్చుకున్నారు, రెండోదాన్ని చీల్చి చెండాడారు, చివరికి తమ అభిప్రాయం ఇంకా గట్టిపడిందని చెప్పారు. 1984లో మళ్లీ ప్రయత్నించారు. ఈసారి కొందరికి జడ్జిలా నిష్పక్షపాతంగా చదవమని చెప్పారు. ఏమీ మారలేదు. ఇంకొందరికి, "ఇదే పద్ధతిలో చేసిన ఇదే అధ్యయనం ఫలితం తారుమారై వచ్చుంటే దీనికి ఇవే మార్కులు వేసేవాణ్ణా?" అని అడుగడుగునా ప్రశ్నించుకుంటూ చదవమన్నారు. అక్కడ పక్షపాతం తగ్గింది. నాకర్థమైనంతలో తేడా ఇది: జడ్జిలా ఉండమంటే, ఎలాగూ అలాగే ఉన్నాను కదా అనుకుని ముందుకెళ్తాం. ఫలితం తిరగేసి చూడమంటే మాత్రం, నచ్చిన బిల్లుని కూడా ఒకసారి కూడాల్సి వస్తుంది.