ట్రస్టీ మాట తప్పితే లబ్ధిదారుకు దారేది? అపోహలు - వాస్తవాలు

తాత మనవల పేరిట ఇల్లో పొలమో రాసి, వాళ్లు పెద్దయ్యేదాకా చూసుకోమని దగ్గరివాళ్లలో ఒకరిని ట్రస్టీగా పెట్టడం మామూలే. కొన్నేళ్లకు అద్దెలు ఎటు పోతున్నాయో ఎవరికీ తెలియదు. అడిగితే ‘నా మీద నమ్మకం లేదా?’ అంటారు. అక్కడినుంచి ఏం చేయాలన్న దానిపై చలామణీలో ఉన్న మాటలు చాలావరకు తప్పులే. కింద చెప్పేవి 1882 నాటి భారత ట్రస్టుల చట్టం పరిధిలోని ప్రైవేటు ట్రస్టుల సంగతులు. వేరే చట్టం పేరు చెప్పని చోట సెక్షన్ నంబర్లన్నీ దానివే.

అపోహ: ఏ ట్రస్టయినా ఒకటే, ఏదో ఒక శాఖకు అర్జీ పెట్టుకుంటే సరి.

ప్రైవేటు ట్రస్టు మీద అజమాయిషీ చేసే శాఖ ఏదీ లేదు. లబ్ధిదారు (ట్రస్టు ఎవరి మేలు కోసమో ఆ వ్యక్తి) నేరుగా సివిల్ కోర్టుకే వెళ్లాలి. ప్రజల మేలు కోసం పెట్టిన ధార్మిక, ధర్మాదాయ ట్రస్టులకు దారి వేరు: సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 92 కింద అడ్వకేట్ జనరల్ దావా వేయవచ్చు, లేదా ట్రస్టుతో సంబంధం ఉన్న కనీసం ఇద్దరు కోర్టు అనుమతి తీసుకుని వేయాలి. దేవాదాయ, వక్ఫ్ ఆస్తులకు వాటి చట్టాలు వాటికి ఉన్నాయి. కాబట్టి ముందు డీడ్ (ట్రస్టును ఏర్పాటు చేసిన పత్రం) తీసి చదవండి. లబ్ధిదారులు పేర్లతోనో, ‘నా కుమార్తె సంతానం’ అన్నట్టు లెక్కపెట్టగలిగేలాగో ఉంటే ప్రైవేటు ట్రస్టు. ‘పేద విద్యార్థులు’ అని ఉంటే కాదు. ఇక్కడ తప్పటడుగు వేస్తే దావా ఏళ్లతరబడి నడిచాక విచారణార్హత లేదని కొట్టేస్తారు.

అపోహ: లెక్కలు చూపడం, చూపకపోవడం ట్రస్టీ ఇష్టం.

కానే కాదు. సెక్షన్ 19 ప్రకారం ట్రస్టీ స్పష్టమైన, కచ్చితమైన లెక్కలు రాయాలి. లబ్ధిదారు అడిగితే ఆస్తి ఎంత, ఏ స్థితిలో ఉందో పూర్తిగా చెప్పాలి. సెక్షన్ 57 ఇంకా ముందుకు వెళ్తుంది: ట్రస్టు డీడ్, ఆస్తి దస్తావేజులు, లెక్కలు, వాటి వోచర్లు, విధి నిర్వహణ కోసం ట్రస్టీ తీసుకున్న న్యాయ సలహాలు కూడా చూసి నకళ్లు తీసుకునే హక్కు మీకుంది. ఆ చివరిది చాలామందికి తెలియదు.

నోటీసు ఎలా రాస్తారన్నదే అసలు కిటుకు. ‘లెక్కలు ఇవ్వండి’ అని ఒక్క ముక్క రాస్తే జమ, ఖర్చు, మిగులు అంటూ మూడే మూడు మొత్తాలున్న కాగితం వస్తుంది. ఏ తేదీనుంచి ఏ తేదీదాకా, ఏయే బ్యాంకు ఖాతాల స్టేట్‌మెంట్లు, ఏయే పోర్షన్ల అద్దె ఒప్పందాలు, మరమ్మతు బిల్లులు, పన్ను రసీదులు కావాలో వరుసగా రాయండి. గడువు పెట్టి, అందినట్టు రుజువుండేలా పంపండి. వచ్చాక అద్దె ఒప్పందాన్ని బ్యాంకు జమ పక్కన పెట్టి చూడండి. ఒప్పందంలో 22,000, ఖాతాలో నెలకు 15,000 ఉంటే మీ దావాకు పునాది దొరికినట్టే. మరమ్మతు బిల్లు మీద ఏ ఇంటి చిరునామా ఉందో కూడా చూడండి. నోటీసుకు జవాబు రాకపోతే ఆ మౌనమే మొదటి సాక్ష్యం. లెక్కల కోసం దావా వేస్తే కోర్టు ముందు ప్రిలిమినరీ డిక్రీ (లెక్కలు తేల్చాలన్న తొలి తీర్పు) ఇస్తుంది, తన తరఫున ఒక కమిషనరును వేసి లెక్కలు తీయిస్తుంది, తేలిన మొత్తానికి తుది డిక్రీ తర్వాత వస్తుంది.

అపోహ: ముందు పోలీసు కేసు పెడితే దారికొస్తాడు.

భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316 కింద నేరపూరిత విశ్వాస ఘాతుకానికి అయిదేళ్లదాకా శిక్ష ఉంది. 2024 జూలై 1కి ముందు జరిగిన పనికైతే పాత ఐపీసీ సెక్షన్ 406 వర్తిస్తుంది. కానీ నేరానికి దురుద్దేశం రుజువు కావాలి. అజాగ్రత్త వల్లో తెలివితక్కువ పెట్టుబడి వల్లో నష్టం తెస్తే అది సివిల్ తప్పు, నేరం కాదు. శిక్ష పడినంత మాత్రాన ఇల్లు మీ పేరు మీదికి రాదు. లెక్కలు చేతిలో లేకుండా స్టేషన్‌కు వెళ్తే ‘ఇది సివిల్ తగాదా’ అని పంపేస్తారు, ఆ మాటను ట్రస్టీ తర్వాత సివిల్ కోర్టులోనూ వాడుకుంటాడు. ఫోర్జరీ కళ్లకు కనబడుతుంటే తప్ప, లెక్కలు ముందు, ఫిర్యాదు తర్వాత అన్నది మా పద్ధతి. రెండూ పక్కపక్కనే నడవడానికి చట్టం అడ్డు చెప్పదు.

అపోహ: అమ్మేశాడు కాబట్టి ఆస్తి పోయినట్టే.

సెక్షన్ 63 ప్రకారం ట్రస్టు ఆస్తి ఎవరి చేతికి వెళ్లినా, మరేదిగా మారినా దాని వెంట వెళ్లవచ్చు. పొలం అమ్మి ఫ్లాటు కొంటే ఫ్లాటును పట్టుకోవచ్చు. ట్రస్టు డబ్బును ట్రస్టీ సొంత డబ్బులో కలిపేస్తే మీకు రావాల్సిన సొమ్ముకు ఆ మొత్తం నిధి మీద చార్జి, అంటే దాన్నుంచే రాబట్టుకునే హక్కు, వస్తుంది (సెక్షన్ 66). ట్రస్టీకి సొంతంగా అప్పిచ్చినవాడు ట్రస్టు ఆస్తిని జప్తు చేయించి వేలంలో కొనుక్కున్నా అతనికి రక్షణ ఉండదు.

ఒక్క మినహాయింపు పెద్దది: ట్రస్టు సంగతి తెలియకుండా, మంచి మనసుతో, డబ్బిచ్చి కొన్నవాడి దగ్గరనుంచి తిరిగి తీసుకోలేరు (సెక్షన్ 64). స్థిరాస్తి ట్రస్టు డీడ్ రిజిస్టరై ఉంటే ‘నాకు తెలియదు’ అన్న వాదన నిలవడం కష్టం, ఎందుకంటే రిజిస్ట్రేషన్ ఉన్నదంటే చట్టం దృష్టిలో కొన్నవాడికి తెలిసినట్టే. వీలునామా ద్వారా ఏర్పడ్డ ట్రస్టులకు ఈ బలం ఉండకపోవచ్చు, వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కదా. అలాంటి ట్రస్టు అయితే ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తరచూ తీసి చూసుకుంటూ ఉండాలి.

ట్రస్టీయే బినామీగా కొనుక్కున్నా, అమ్మకానికి నియమితుడైన ట్రస్టీ నేరుగా తానే కొన్నా, సరైన ధర ఇచ్చానన్న జవాబు చెల్లదు. ఆస్తిని వెనక్కి రాయించుకోవచ్చు, అయితే అతను పెట్టిన కొనుగోలు సొమ్ము వడ్డీతో మీరు తిరిగివ్వాలి (సెక్షన్ 62). ఈ సొమ్ము సంగతి మరిచిపోయి దావాకు దిగేవాళ్లు ఎక్కువ.

అపోహ: పోయిన అసలు కడితే ట్రస్టీ బాధ్యత తీరిపోతుంది.

సెక్షన్ 23 వడ్డీ లెక్కలు కూడా చెప్పింది. మీకివ్వాల్సిన డబ్బు అకారణంగా ఆపితే, రావాల్సిన వడ్డీ రాబట్టకపోతే, కోర్టు వేరుగా చెప్పనంతవరకు ఏడాదికి 6 శాతం బారు వడ్డీ. డబ్బును పెట్టుబడి పెట్టి వడ్డీ కూడబెట్టాల్సి ఉండి చేయకపోతే అదే రేటుకు ఆరునెలలకోసారి చక్రవడ్డీ. 10 లక్షలకు పదేళ్లు బారు వడ్డీ 6 లక్షలు, చక్రవడ్డీ 8 లక్షల 6 వేల పైచిలుకు. ట్రస్టు సొమ్ముతో ట్రస్టీ సొంత వ్యాపారం చేస్తే, చక్రవడ్డీనో, వ్యాపారంలో వచ్చిన నికర లాభాన్నో మీరే ఎంచుకోవచ్చు. లాభం ఎంతో తెలియకుండా ఎంచుకోకండి, ముందు వ్యాపారం లెక్కలు అడగండి.

‘ఒకచోట పోయింది, ఇంకోచోట వచ్చింది, సరిపోయింది’ అన్న సర్దుబాటు కూడా కుదరదు. ఒక తప్పుడు పెట్టుబడిలో 5 లక్షలు పోయి, దానితో సంబంధం లేని మరో తప్పులో 7 లక్షలు లాభం వస్తే, ఆ 7 లక్షలు ట్రస్టువే, ఈ 5 లక్షలు అతను కట్టాల్సిందే (సెక్షన్ 24).

అపోహ: సంతకం పెట్టని ట్రస్టీకి సంబంధం లేదు.

తోటి ట్రస్టీ తప్పుకు మామూలుగా బాధ్యత ఉండదు. కానీ డబ్బు అతని చేతిలో పెట్టి ఏం చేశాడో చూడకపోయినా, తప్పు తెలిసీ దాచినా, తగిన సమయంలో కదలకపోయినా బాధ్యుడే (సెక్షన్ 26). నిర్లక్ష్యంతో దారిచ్చినవాడు మొత్తం నష్టానికీ బాధ్యుడు (సెక్షన్ 27). అందుకే దావాలో ట్రస్టీలందర్నీ ప్రతివాదులుగా చేర్చండి. ఆస్తిపాస్తులున్నవాడు చాలాసార్లు ఆ నోరు మెదపని ట్రస్టీయే.

అపోహ: లబ్ధిదారు ఎక్కడో సంతకం పెట్టాడు, ఇక మాట్లాడలేడు.

సంగతులన్నీ, హక్కులన్నీ తెలిసి, ఒత్తిడి లేకుండా ఒప్పుకుంటేనే అడ్డు వస్తుంది. మైనరు సంతకం పనికిరాదు. అయితే తెలిసి ట్రస్టీ తప్పులో కలిసిన లబ్ధిదారు వాటాను మిగతా లబ్ధిదారుల నష్టం తీరేదాకా ఆపి ఉంచవచ్చు (సెక్షన్ 68). లెక్కలు చూడకముందు ‘ఇక బాకీ లేదు’ అన్న రసీదు మీద మాత్రం సంతకం పెట్టకండి.

అపోహ: ట్రస్టీ మీద దావాకు కాలపరిమితే లేదు.

సగం నిజం. లిమిటేషన్ చట్టం 1963 సెక్షన్ 10 ప్రకారం, ట్రస్టీ చేతిలోని ఆస్తి కోసం, దాని లెక్కల కోసం వేసే దావాకు గడువు లేదు. కానీ డబ్బిచ్చి కొన్నవాడి మీద ఉంది: స్థిరాస్తికి, అమ్మకం మీకు తెలిసిన రోజునుంచి 12 ఏళ్లు (ఆర్టికల్ 92), చరాస్తికి 3 ఏళ్లు (ఆర్టికల్ 93). తెలిసిన తేదీ ఎప్పుడన్నది పెద్ద వివాదం అవుతుంది, ఈసీ నకలు తీసుకున్న రోజు కాగితం దాచుకోండి.

అపోహ: డీడ్‌లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) అని ఉంటే కోర్టుకు వెళ్లలేం.

2016లో సుప్రీంకోర్టు ట్రస్టుల చట్టం కిందికి వచ్చే ట్రస్టు తగాదాలు ఆర్బిట్రేషన్‌కు పోవని తేల్చింది. కోర్టే దారి.

అపోహ: స్టే వచ్చింది, ఇక నిశ్చింత.

జరగబోయే తప్పును ఆపే హక్కు సెక్షన్ 61 ఇచ్చింది. ఎదుటివారికి నోటీసు లేకుండా ఇంజంక్షన్ వస్తే దరఖాస్తు, దావా ప్రతి, దస్తావేజుల నకళ్లు వెంటనే వారికి పంపాలి. అలా పంపినట్టు అదే రోజో మర్నాడో కోర్టులో అఫిడవిట్ వేయాలి. ఇది మరిచి ఉత్తర్వు పోగొట్టుకునేవాళ్లున్నారు. ఉత్తర్వు నకలును సబ్‌రిజిస్ట్రారుకూ బ్యాంకుకూ కూడా అందజేసి, అందినట్టు రసీదు తీసుకోండి.

అపోహ: ట్రస్టీని తీసేయాలంటే ఎప్పుడూ దావాయే.

వరుసగా ఆరు నెలలు దేశంలో లేకపోయినా, దివాలా తీసినా, ట్రస్టీగా ఉండనన్నా, డీడ్ అధికారమిచ్చినవాళ్లు రాతపూర్వకంగా కొత్త ట్రస్టీని పెట్టవచ్చు (సెక్షన్ 73). అది కుదరకపోతే జిల్లా స్థాయి ప్రధాన సివిల్ కోర్టులో పిటిషన్ (సెక్షన్ 74). తప్పు చేశాడని ఆరోపించి, అతను కాదంటున్నప్పుడు మాత్రం దావా వేయాల్సిందే. అందులో తొలగింపు ఒక్కటే అడిగి ఊరుకోకండి. ఆస్తి కొత్త ట్రస్టీకి దఖలు పడాలని, అసలు దస్తావేజులు, చెక్కుబుక్కులు, అద్దెదారుల అడ్వాన్సుల వివరాలు అప్పగించాలని, అప్పటిదాకా రిసీవరును (కోర్టు తరఫున ఆస్తిని చూసుకునే వ్యక్తిని) వేయాలని కూడా రాయండి. అడగకపోతే పాత ట్రస్టీ డిక్రీ తర్వాత కూడా అద్దెలు వసూలు చేసుకుంటూనే ఉంటాడు.