టీఎస్-బీపాస్: ఇంటి అనుమతిపై అపోహలు - వాస్తవాలు

ఇళ్ల ప్లాన్లు గీసి మున్సిపాలిటీలో పెట్టడం నా వృత్తి. తెలంగాణలో 2020లో ఇంటి అనుమతులను ఆన్‌లైన్‌లో ఇచ్చే టీఎస్-బీపాస్ చట్టం వచ్చాక ఆఫీసుల చుట్టూ తిరగడం బాగా తగ్గింది. అది నిజంగా మేలే. కానీ చట్టం ఏం చెప్పిందో తెలుసుకోకుండా స్లాబు దాకా వెళ్లి తల పట్టుకునేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది.

అపోహ: అనుమతి పత్రం వెంటనే చేతికొచ్చిందంటే అధికారులు అన్నీ చూసి ఇచ్చినట్టే.

వాస్తవం: స్థలం 500 చదరపు మీటర్ల లోపు, భవనం ఎత్తు 10 మీటర్ల లోపు ఉంటే అనుమతి వెంటనే వస్తుంది. అది వచ్చేది మీ స్వీయ ధ్రువీకరణను, అంటే వివరాలన్నీ నిజమేనని మీరే ఇచ్చిన మాటను నమ్మి. పరిశీలన ఆ తర్వాతే. వివరాలు తప్పని తేలితే అనుమతి రద్దవుతుంది. ధ్రువీకరించిన దానికి భిన్నంగా కడితే నోటీసు ఇవ్వకుండానే కూల్చే అధికారం కూడా చట్టంలో ఉంది.

అందుకే నా దగ్గరికొచ్చిన ప్రతి ఒక్కరితో ముందు టేపు పట్టిస్తాను. దస్తావేజులో ఉన్న గజాలు నేల మీద ఉండవు చాలాసార్లు. ఓసారి పక్క గోడ రెండడుగులు లోపలికి ఉందని పునాది తీశాకే తెలిసింది, సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) లెక్కంతా మారిపోయింది. రోడ్డు విస్తరణలో ఎంత పోతుందో కూడా అప్పుడే చూసుకోవాలి. దరఖాస్తు నింపేది ఎవరైనా, జవాబుదారీ సంతకం పెట్టిన యజమానే.

అపోహ: 75 గజాల ఇంటికి ఏ నిబంధనా లేదు.

వాస్తవం: 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి అనుమతి అక్కర్లేదు. ఒక్క రూపాయి కట్టి నమోదు మాత్రం చేసుకోవాలి. పైన రెండో అంతస్తు లేపితే ఈ వెసులుబాటు పోతుంది. శిఖం (చెరువు) భూమిలోనో నాలా (వరద కాలువ) మీదో కట్టిన ఇంటికి రూపాయి రసీదు అండగా నిలవదు.

అపోహ: అనుమతి వచ్చింది కాబట్టి స్థలం నాదే.

వాస్తవం: కాదు. హక్కు తేల్చేవి సేల్ డీడ్, లింకు దస్తావేజులు (అంతకు ముందు చేతులు మారిన పత్రాలు).

అపోహ: 21 రోజులు దాటితే ఇక ఎవరూ అడగరు.

వాస్తవం: పెద్ద భవనాలకు 21 రోజుల్లో నిర్ణయం రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. గడువు తీరింది కదా అని తప్పుడు పత్రం ఒప్పయిపోదు. కట్టడం పూర్తయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారని, నివసించవచ్చని ఇచ్చే పత్రం) కూడా తీసుకోవాలి. దాన్ని వదిలేసినవాళ్లు ఇల్లు అమ్మేటప్పుడు మళ్లీ నా దగ్గరికే వస్తుంటారు. అప్పటికి నేను చేయగలిగింది కొంతే.